రొమ్ము తగ్గించే సర్జరీ అయినవాళ్ళకు పాలు పడతాయా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

ఎదురుచూపు:
అందరికీ నమస్కారం. నాకిప్పుడు ఎనిమిదో నెల, తొలి కాన్పు. ఇరవై రెండేళ్ళప్పుడు బ్రెస్ట్ రిడక్షన్ చేయించుకున్నాను. మెడనొప్పి, భుజాల మీద బ్రా పట్టీల గాట్లు, రొమ్ముల కింద ఒరుపులు, వీటితో ఎంత విసిగిపోయానో ఆ బాధ పడ్డవాళ్ళకే తెలుస్తుంది. చేయించుకున్నందుకు ఇప్పటికీ నాకే చింతా లేదు. కానీ ఆ రోజు పిల్లల సంగతి అడిగితే సర్జన్ "పాలు రావచ్చు, రాకపోవచ్చు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇప్పుడు ఆ ముక్కే బుర్రలో తిరుగుతోంది.

ఎడమ చనుమొనకు స్పర్శ బాగానే ఉంది. కుడివైపు మొద్దుబారినట్టు ఉంటుంది. చన్నీళ్ళు తగిలితే తెలుస్తుంది, అంతే. గర్భం వచ్చాక రెండూ కొంచెం పెరిగాయి. పాలు పడతాయా? పడితే బిడ్డకు చాలుతాయా? ఇప్పటి నుంచే చేయాల్సింది ఏమైనా ఉందా? అత్తయ్యకు సర్జరీ సంగతి తెలియదు, చెప్పాలా వద్దా అన్నది ఇంకో టెన్షన్.

రెండో_కాన్పు:
రా చెల్లీ, నాదీ ఇదే కథ. ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి నా పాలు సగం కూడా చాలలేదు, మిగతాది డబ్బా పాలే. చిన్నదానికి చాలావరకు నా పాలే సరిపోయాయి. అదే శరీరం, అదే సర్జరీ. కాబట్టి పడతాయా లేదా అని ఇప్పుడే తేల్చుకోవాలని చూడకు. ఎన్ని పడతాయన్నది బిడ్డ పుట్టాకే తెలుస్తుంది.

ఒక్క పని మాత్రం ఇప్పుడే చెయ్యి. సర్జరీ జరిగిన ఆసుపత్రిని అడిగి ఆపరేషన్ నోట్స్ తెప్పించుకో. డిశ్చార్జి కాగితం కాదు, ఆపరేషన్ థియేటర్లో ఏం చేశారో రాసే నోట్స్. నీ దగ్గర ఉన్న ప్రశ్నలకు సగం జవాబులు అందులోనే ఉంటాయి.

నర్సక్క:
నేను బాలింతలకు పాలిచ్చే విషయంలో సాయం చేసే నర్సును. పై సలహా నూటికి నూరుపాళ్ళు సరైనది. ఆ నోట్స్‌లో ఏం చూడాలో చెబుతాను.

పాలు తయారయ్యేది గ్రంథుల్లో. అక్కడి నుంచి సన్నటి నాళాలు చనుమొన దాకా వస్తాయి. బిడ్డ చీకుతున్న కబురును మెదడుకు చేరవేసేది నరం, ముఖ్యంగా నాలుగో పక్కటెముక దిగువ నుంచి వచ్చే నరం. ఆ కబురు అందితే ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ అనే హార్మోన్లు విడుదలవుతాయి. మొదటిది పాలు తయారు చేయిస్తుంది, రెండోది చేపు తెస్తుంది, అంటే తయారైన పాలను చనుమొన వైపు దించుతుంది. గ్రంథి, నాళం, నరం, ఈ మూడింటిలో ఏది ఎంత తెగిందన్నదే అసలు ప్రశ్న.

చాలా పద్ధతుల్లో చనుమొనను పూర్తిగా వేరు చేయరు. దాని కింది కణజాలాన్ని కొంత అలాగే అంటిపెట్టి ఉంచి, చుట్టూ ఉన్నది తీసేసి పైకి జరుపుతారు. ఆ మిగిల్చిన భాగాన్ని పెడికిల్ అంటారు. నోట్స్‌లో ఇన్‌ఫీరియర్ పెడికిల్ (కింది వైపు మిగిల్చినది) అనో, సుపీరోమీడియల్ పెడికిల్ (పై లోపలి వైపు మిగిల్చినది) అనో ఉంటే చనుమొనకు కింది గ్రంథులతో ఎంతో కొంత సంబంధం మిగిలినట్టే. ఫ్రీ నిపుల్ గ్రాఫ్ట్ అని ఉంటే మాత్రం చనుమొనను పూర్తిగా తీసి మళ్ళీ కుట్టారని అర్థం. అందులో నాళాలు, నరాలు అన్నీ తెగుతాయి. ఆశ బాగా తక్కువ.

స్పర్శ ఉండటం మంచి గుర్తు. మొద్దుబారిన వైపు కూడా అసలు రావని కాదు. నరాలు నెమ్మదిగా, కొన్నేళ్ళపాటు కోలుకుంటూ ఉంటాయి. తెగిన నాళాలు కొన్ని మళ్ళీ కలుస్తాయి కూడా, గర్భంలోనూ పాలిచ్చేటప్పుడూ ఇది జరిగే అవకాశం ఎక్కువ. రెండో_కాన్పు గారికి రెండోసారి పాలు పెరగడానికి ఇదొక కారణం అయ్యుంటుంది.

అంకెలపిచ్చి:
నాలాంటి అంకెల పిచ్చి ఉన్నవాళ్ళ కోసం. రిడక్షన్ తర్వాత పాలివ్వడం మీద అంతకుముందు వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి 2017లో వచ్చింది. చనుమొన కింది కణజాలాన్ని నిలువునా పూర్తిగా ఉంచిన పద్ధతుల్లో పాలివ్వగలిగినవాళ్ళు మధ్యస్థంగా (అన్ని పరిశోధనల అంకెలనూ వరసలో పెడితే నడుమ వచ్చే లెక్క) 100 శాతం, కొంత ఉంచిన చోట 75 శాతం, ఏమీ ఉంచని చోట 4 శాతం.

రెండో_కాన్పు:
అంకెలు బాగున్నాయి తమ్ముడూ, కానీ ఆ 100 చూసి మా చెల్లి ఎగిరి గంతేస్తే కష్టం. ఆ పరిశోధనల్లో చాలావాటిలో కొంచెం పాలిచ్చినా ఇచ్చినట్టే లెక్క. బిడ్డకు పూర్తిగా సరిపోయాయని కాదు. మా పెద్దవాడికి నేను పట్టిన సగం పాలు కూడా ఆ 100లోకే వస్తాయి.

అంకెలపిచ్చి:
నిజమే అక్కా. పద్ధతి తేడా వల్ల అవకాశం ఎంత మారుతుందో చూడటానికే ఆ లెక్క. పాలు చాలతాయా అన్నదానికి అది జవాబు కాదు. పైగా ఒక్కో పరిశోధనకూ ఇంకోదానికీ అంకెల్లో తేడా చాలా ఉంది.

ఎదురుచూపు:
నోట్స్ వచ్చాయి! ఇన్‌ఫీరియర్ పెడికిల్. ఒక్కోవైపు అరకిలోకు పైగా తీశారట. చదువుతుంటే కాస్త ధైర్యం వచ్చింది, కాస్త కడుపులో తిప్పింది కూడా. నర్సక్క గారూ, ఇప్పుడు కాన్పు దాకా నేను చేయగలిగింది ఏమిటి?

నర్సక్క:
మొదటిది, మీ గైనకాలజిస్టుకూ, బిడ్డను చూడబోయే పిల్లల డాక్టరుకూ సర్జరీ సంగతి ఇప్పుడే చెప్పండి. గాట్లు చూసి వాళ్ళే కనిపెడతారని వదిలేయొద్దు. బిడ్డ బరువును మామూలు కంటే దగ్గరగా గమనించాల్సిన కేసు అని వాళ్ళకు ముందే తెలియాలి.

రెండోది, నెలలు నిండుతున్న సమయంలో, అంటే 36, 37 వారాలప్పుడు చేత్తో ముర్రుపాలు పిండి చూసుకోవచ్చు. ముందే నొప్పులు వచ్చే ప్రమాదం, రక్తస్రావం, మాయ కిందికి ఉండటం లాంటివి ఉంటే వద్దు. డాక్టరు సరేనంటేనే చేయండి. ఒక్క చుక్క రాకపోయినా కంగారు పడకండి, సర్జరీ లేనివాళ్ళలోనూ చాలామందికి అప్పుడు ఏమీ రాదు. దీనివల్ల పిండటం చేతికి అలవాటవుతుంది, అది చాలు. చుక్కలు వస్తే సిరంజిలోకి తీసి ఫ్రీజర్లో పెట్టుకుంటే మొదటి రోజుల్లో బంగారంలా పనికొస్తాయి.

మూడోది, పుట్టగానే బిడ్డను మీ ఒంటికి ఆనించి పడుకోబెట్టమని, మొదటి గంటలోనే రొమ్ము పట్టించమని ముందే చెప్పి ఉంచండి. సిజేరియన్ అయినా ఇది అడగొచ్చు.

అమ్మ_పాలే_ముద్దు:
ఇంత హడావిడి దేనికండీ? డబ్బా పాలు ఇంట్లోకి రానివ్వకండి, అదే అన్నిటికీ మందు. బిడ్డ ఎంత ఏడ్చినా రొమ్మే పట్టండి. ఆకలికి ఎక్కువ చీకుతుంది, ఎక్కువ చీకితే పాలు పెరుగుతాయి. ఒక్కసారి డబ్బా పట్టారంటే మీ పాలు అయిపోయినట్టే.

నర్సక్క:
దీనికి గట్టిగానే అడ్డు చెప్పాలి. సర్జరీ లేని, బిడ్డ బాగా గుటకలేస్తున్న తల్లికి ఎక్కువసార్లు పట్టండి అనడం సరైన మాటే. నాళాలు తెగిన రొమ్ము వేరు. బిడ్డ ఎంత చీకినా అక్కడ పాలు రాకపోవచ్చు. ఆకలితో ఉన్న పసిగుడ్డు ఏడుస్తూనే ఉంటుందనుకోవద్దు, కొంతసేపటికి ఓపిక లేక నిద్రలోకి జారుకుంటుంది. చాలామంది "బుద్ధిగా పడుకుంది" అనుకునేది ఆ బిడ్డనే. ఒంట్లో నీరు తగ్గి సోడియం పెరిగితే, కామెర్లు ముదిరితే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది.

పుట్టాక మొదటి కొన్ని రోజుల్లో బరువు కొంత తగ్గడం మామూలే. 7 శాతం దాటుతుంటే జాగ్రత్తగా చూడాలి, 10 శాతానికి దగ్గరవుతుంటే అసలు ఆలస్యం పనికిరాదు. పది నుంచి పద్నాలుగు రోజుల్లో పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. అయిదో రోజు నుంచి రోజుకు ఆరు తడి డైపర్లు, మూడు నాలుగు పసుపు రంగు విరేచనాలు ఉండాలి. అప్పటికీ విరేచనం నల్లగానే ఉన్నా, మూత్రంలో ఇటుక పొడి రంగు కనిపిస్తున్నా, పాలకు లేపినా లేవకపోతున్నా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

డబ్బా పాలు అవసరమైతే అవి మందులాంటివి, సరైన మోతాదులో ఇవ్వాలి. బిడ్డ కడుపు నిండటం ఒక పని, రొమ్ముకు పాలు తయారు చేయమని చెప్పడం ఇంకో పని. రెండూ ఒకేసారి జరగొచ్చు.

పున్నాగ:
నాకు ఫ్రీ నిపుల్ గ్రాఫ్ట్. చాలా పెద్ద సర్జరీ, వేరే దారి లేదన్నారు. పాలు గొంతు తడవడానికి కూడా రాలేదు. లోపల తయారవుతున్నాయి, బయటికి దారి లేదు. కొన్నాళ్ళు ట్యూబు పెట్టి రొమ్ము దగ్గరే డబ్బా పాలు పట్టాను, ఆ తర్వాత సీసాకు మారాను. పాప ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తోంది. ఇది నిరాశపరచడానికి రాయడం లేదు. ఇలా జరిగినవాళ్ళు ఈ చర్చ చదివి తామేదో తక్కువ చేశామని అనుకోకూడదని రాస్తున్నాను.

అమ్మ_పాలే_ముద్దు:
మీ సంగతి వేరు. నేను మామూలుగా చెప్పాను.

రెండో_కాన్పు:
ఇక్కడ అడిగింది మామూలు సంగతి కాదు కదండీ.

ఎదురుచూపు:
బాబు పుట్టాడు! మామూలు కాన్పు. పుట్టగానే నా ఛాతీ మీద పడుకోబెట్టారు, ఎడమవైపు వెతుక్కుంటూ తనే పట్టుకున్నాడు. ముందు పిండి దాచిన ముర్రుపాలు కొద్దిగానే ఉన్నా చెంచాతో పట్టాం. అత్తయ్యకు కూడా చెప్పేశాను. "ముందే చెబితే ఇంకాస్త బాగా చూసుకునేదాన్ని కదే" అన్నారు, అంతే. ఇన్నాళ్ళు దేనికి భయపడ్డానో నాకే తెలియదు.

కానీ నిన్నటి నుంచి కొత్త గొడవ. పాలు పడ్డాయి, సంతోషమే. రెండు రొమ్ములకూ బయటివైపు, చంకల దాకా రాయిలా గట్టిపడి సలుపుతోంది. బాబు తాగినా, పంపు పెట్టినా ఆ గడ్డలు కరగడం లేదు. జ్వరం లేదు. వేడి కాపడం పెట్టి బాగా పిసకమని ఒకావిడ, ఎంత వీలైతే అంత పంపు చేయమని ఇంకొకావిడ. ఎవరి మాట వినాలి?

నర్సక్క:
శుభాకాంక్షలు! ఇద్దరి మాటా వద్దు. మాయ పడిపోయాక ప్రొజెస్టెరాన్ ఒక్కసారిగా తగ్గుతుంది, దాంతో రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు పడతాయి. ఇది హార్మోన్ల పని. నాళం కలిసి ఉందా తెగి ఉందా అని గ్రంథికి తెలియదు, అన్ని గ్రంథులూ తయారు చేసేస్తాయి. దారి లేని భాగాల్లో పాలు అక్కడే నిలిచి గట్టిపడతాయి. అవి బయటికి రావు. వాటిని పిసికితే లోపల దెబ్బతిని వాపు పెరుగుతుంది. చల్లటి కాపడం పెట్టండి, మెత్తటి గుడ్డ మధ్యలో ఉంచి, కొన్ని నిమిషాల చొప్పున రోజులో చాలాసార్లు. నొప్పికీ వాపుకూ ఐబుప్రోఫెన్ లాంటిది పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చు, మీ డాక్టరును ఒక మాట అడగండి. చర్మం మీద వేళ్ళు తేలిగ్గా ఆనించి చంకవైపు నిమరొచ్చు, అంతకు మించి ఒత్తిడి వద్దు.

ఆ భాగాలు వారం పది రోజుల్లో తయారీ మానేసి మెత్తబడతాయి. దారి ఉన్న భాగాలు పని చేస్తూనే ఉంటాయి. జ్వరం, వణుకు, ఎర్రగా కందిపోయి పాకడం లాంటివి వస్తే మాత్రం ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంకో మాట. ఇప్పుడు రొమ్ములు నిండుగా ఉన్నాయి కాబట్టి పాలు సరిపోతున్నాయని అనుకోవద్దు. నిండుగా ఉన్నది బిడ్డ కడుపులోకి వెళ్తోందా అన్నది బరువే చెప్పాలి. ఎప్పుడు చూపిస్తున్నారు?

ఎదురుచూపు:
చూపించి ఇప్పుడే వచ్చాం. పుట్టిన బరువు మీద 9 శాతం తగ్గాడు. కళ్ళలో కొంచెం పసుపు ఉంది కానీ లైటు కింద పెట్టాల్సినంత లేదన్నారు. ప్రతిసారీ నా పాలు పట్టాక 30 మిల్లీలీటర్లు అదనంగా ఇమ్మన్నారు. డాక్టరు గారు చాలా నెమ్మదిగా చెప్పారు, నేనే అక్కడ ఏడ్చేశాను. నర్సక్క గారు ముందే చెప్పి ఉంచారు కాబట్టి ఇంతటితో సరిపోయింది, లేకపోతే ఇంకా కంగారు పడేదాన్ని. సీసా పెడితే రొమ్ము మర్చిపోతాడేమోనని మాత్రం భయంగా ఉంది.

పున్నాగ:
చెల్లీ, సీసా ఒక్కటే దారి కాదు. నేను చెప్పిన ట్యూబు పద్ధతి ఇదే. నాకు పాలు లేక వాడాను, నీకు పాలున్నాయి కాబట్టి నీకే ఎక్కువ పనికొస్తుంది.

దీనికోసం తయారుగా దొరికే సెట్లు ఉన్నాయి, సప్లిమెంటర్ అంటారు. లేదంటే నర్సు చేత చూపించుకుని, పసిపిల్లలకు వాడే సన్నటి ఫీడింగ్ ట్యూబుతోనూ పని జరుగుతుంది. ట్యూబు ఒక కొస పాల సీసాలో, రెండో కొస చనుమొన దగ్గర. కొస చనుమొన అంచుకు సమానంగానో, దాన్ని కొద్దిగా మాత్రమే దాటో ఉండాలి. మరీ ముందుకొస్తే బిడ్డ నాలుకకు గుచ్చుకుని ఉమ్మేస్తుంది, వెనక్కి ఉంటే స్ట్రాలా పీల్చలేదు. టేపు వేసేటప్పుడు నల్లటి భాగానికి వెనకగా, చర్మం పొడిగా ఉన్నప్పుడు వేయి. బిడ్డ పై పెదవి మధ్యకు ట్యూబు వచ్చేలా పెడితే జారదు. సీసాను పైకెత్తితే పాలు వేగంగా వస్తాయి, దించితే నెమ్మదిస్తాయి. మొదట రొమ్ము పాలు తాగనివ్వు, గుటకలు తగ్గాక ట్యూబు తెరువు. మొదట్లో టేపు, ట్యూబు, బాబు, నీ చేతులు అన్నీ ఒకదానికొకటి చుట్టుకుపోతాయి. పక్కన ఒక మనిషి ఉంటే సులువు.

కొత్తనాన్న:
ఆ పక్కన ఉండే మనిషిని నేను! మా ఆవిడదీ ఇదే పరిస్థితి, మా పాపకు మూడో నెల. మగవాళ్ళు ఏం చేయాలో ఎవరూ రాయరు కాబట్టి రాస్తున్నా. ట్యూబు ప్రతిసారీ వాడగానే చన్నీళ్ళతో సిరంజి పెట్టి కడిగేయాలి, పాలు ఎండితే ఇక లోపలి నుంచి పోవు. పంపు భాగాలు కడగటం, సప్లిమెంటు (అదనంగా ఇచ్చే డబ్బా పాలు) కలపటం, ఏ వేళకు ఎంత తాగిందో రాయడం, రాత్రి పూట పాపను తెచ్చి ఇచ్చి తాగాక త్రేన్పు తెప్పించి పడుకోబెట్టడం నా డ్యూటీ. ఆమె పాలివ్వాలి, పంపు చేయాలి, మిగతా టైము నిద్రపోవాలి. ఇంకేమీ లేదు. "నీకు పాలు వచ్చాయా, ఎన్ని వచ్చాయి" అని రోజూ అడిగే చుట్టాల ఫోన్లు కూడా నేనే ఎత్తుతాను.

రెండో_కాన్పు:
ఈ తమ్ముడి మాటలు ప్రింటు తీసి మా ఆయనకు అప్పుడే చూపించి ఉండాల్సింది.

నర్సక్క:
ట్యూబు సంగతి పున్నాగ గారు చక్కగా చెప్పారు. అది కుదరకపోతే సీసా వాడినా తప్పేమీ లేదు. నెమ్మదిగా వచ్చే నిపుల్ పెట్టి, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, సీసాను అడ్డంగా పట్టుకుని, మధ్యమధ్యలో ఆపుతూ ఇవ్వండి.

ఇక పాలు పెంచుకోవడం. మొదటి రోజులు దాటాక తయారీ అంతా పాలు ఎంత ఖాళీ అవుతున్నాయన్న దాని మీదే నడుస్తుంది. రొమ్ములో పాలు నిలిచి ఉంటే తయారీ తగ్గుతుంది, ఖాళీ చేస్తే పెరుగుతుంది. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టండి. చీకుతున్నప్పుడు గుటకలు ఆగిపోతే రొమ్మును చేత్తో మెల్లగా అదిమి పట్టుకోండి, మళ్ళీ గుటకలు వినిపిస్తాయి. అవీ ఆగాక రెండో వైపు మార్చండి. బాబు తాగాక పది, పదిహేను నిమిషాలు రెండు వైపులా ఒకేసారి పంపు, చివర్లో చేత్తో పిండటం. రాత్రి ఒక్కసారైనా మానొద్దు, ప్రొలాక్టిన్ రాత్రిళ్ళు ఎక్కువగా ఉంటుంది. గడ్డకట్టిన భాగాలు మెత్తబడేదాకా పంపు మితంగానే వాడండి, అప్పుడు పెంచుదాం.

ఫ్లాంజ్, అంటే పంపులో రొమ్ముకు ఆనించే గరాటు, సైజు చూసుకోండి. చనుమొన గొట్టంలో అటూ ఇటూ రాసుకోకుండా కదలాలి, చుట్టూ నల్లటి భాగం బాగా లోపలికి లాగేసుకుంటే సైజు పెద్దది. సర్జరీ మచ్చలు ఉన్న చోట లాగితే పగుళ్ళు వస్తాయి. సక్షన్ ఎక్కువ పెడితే పాలు ఎక్కువ రావు, నొప్పి ఎక్కువ వస్తుంది. నొప్పికి చేపు రాదు.

తడిసిన_దిండు:
నాది సర్జరీ కేసు కాదు, కానీ పాలు తక్కువే. పవర్ పంపింగ్ అని విన్నాను, పనికొస్తుందా? మెంతి మాత్రలూ, డోంపెరిడోన్ కూడా చాలామంది చెబుతున్నారు.

నర్సక్క:
పవర్ పంపింగ్ అంటే రోజులో ఒక గంట: 20 నిమిషాలు పంపు, 10 విరామం, 10 పంపు, 10 విరామం, 10 పంపు. ఎదిగే బిడ్డ ఆగి ఆగి తాగడాన్ని అనుకరించడం అన్నమాట. కొంతమందికి కొద్దిరోజుల్లో తేడా కనిపిస్తుంది. మీ నిద్ర మొత్తం తినేస్తుంటే మాత్రం మానేయండి.

మెంతి మాత్రలకు గట్టి ఆధారాలు లేవు. షుగర్ మందులు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు అసలు సొంతంగా వేసుకోవద్దు. డోంపెరిడోన్ ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది, నిజమే. కానీ గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉంది, అందుకే 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పాలిచ్చే తల్లులు దీన్ని వాడొద్దని హెచ్చరించింది. కొన్ని దేశాల్లో డాక్టర్లు ఈసీజీ చూసి ఇస్తారు. పాల కోసం వాడే ఇంకో మందు మెటోక్లోప్రమైడ్‌కు మానసిక కుంగుబాటు తెచ్చే స్వభావం ఉంది, కాన్పు తర్వాత అది చిన్న విషయం కాదు. పైగా ఏ మాత్రా తెగిన నాళాన్ని కలపదు. దారి ఉన్న గ్రంథులకే సాయం చేస్తుంది.

సర్జరీ లేకుండా పాలు తక్కువైతే ముందు కారణం వెతకాలి. థైరాయిడ్, కాన్పులో బాగా రక్తం పోవడం, మాయ ముక్క లోపల మిగలడం, పీసీఓఎస్ (అండాశయాల్లో నీటి బుడగలు, హార్మోన్ల తేడా ఉండే సమస్య), ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, బిడ్డ నాలుక కింద పొర బిగువుగా ఉండటం. సర్జరీ అయినవాళ్ళకూ ఇవన్నీ ఉండొచ్చు. అన్నిటికీ సర్జరీనే తిట్టుకుంటూ కూర్చుంటే థైరాయిడ్ పరీక్ష మర్చిపోతాం.

ఎదురుచూపు:
చాలా రోజులకు వచ్చాను. బాబుకు రెండో నెల నడుస్తోంది. గడ్డలు ఒక వారంలో మెత్తబడ్డాయి. ట్యూబుతో మొదటి రోజులు నరకం, తర్వాత కళ్ళు మూసుకుని పెట్టేస్తున్నాను. బరువు పుంజుకున్నాడు, వారానికి 200 గ్రాముల చొప్పున పెరుగుతున్నాడు.

ఇంటికి ఒక మంచి తూకం అద్దెకు తెచ్చుకున్నాం, రెండు గ్రాముల తేడా కూడా చూపిస్తుంది. పాలు పట్టే ముందూ పట్టాకా అదే బట్టల్లో, అదే డైపరుతో తూచాలని ఇక్కడే ఎవరో వేరే చర్చలో రాశారు. గ్రాముకు దాదాపు మిల్లీలీటరు. ఎడమవైపు 45 దాకా వస్తోంది, కుడివైపు 15 దాటదు. రోజు మొత్తం మీద బాబు తాగేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ నావే. పొద్దున్న పూట ట్యూబు అవసరమే పడటం లేదు, సాయంత్రమయ్యేసరికి బాగా కావాలి.

పంపు మాత్రం రోజుకు రెండుసార్లకు తగ్గించేశాను. అంతకు మించి చేస్తే బాబును ఎత్తుకునే టైము కూడా లేదు. ఇంకా పెంచుకోవడానికి కుదురుతుందా, ఇదే నా కొలతా?

రెండో_కాన్పు:
ప్రతిసారీ తూచకు చెల్లీ, పిచ్చెక్కుతుంది. వారంలో ఒక రోజు తూచుకుంటే చాలు.

నర్సక్క:
సగానికి పైగా అంటే చాలా మంచి సంగతి. ఒక నెల దాటిన బిడ్డ రోజుకు 750 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా తాగుతాడు, ఆ తర్వాత ఆరో నెల దాకా అది పెద్దగా పెరగదు. అంటే ఇప్పుడు మీకున్న లోటు నెలనెలా రెట్టింపు కాదు. ఇంకో నెలపాటు కొద్దికొద్దిగా పెరగొచ్చు, పెరగకపోవచ్చు కూడా. సప్లిమెంటు తగ్గించాలనుకుంటే ఒకేసారి కాకుండా, పొద్దున్న పూట నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా తగ్గించి, వారం తర్వాత బరువు చూసి అప్పుడు నిర్ణయించండి. బరువు పెరగడం నెమ్మదిస్తే తిరిగి కలపండి. ఆరో నెల నుంచి ఘనాహారం మొదలయ్యాక సప్లిమెంటు అవసరం తనంతట తనే తగ్గుతుంది, మీ పాలు మాత్రం రెండేళ్ళు, ఆపైనా ఇవ్వచ్చు.

కుడివైపు సంగతి: తక్కువ వచ్చినా మానకండి. ముందు కుడివైపు పట్టి, చేపు వచ్చాక ఎడమవైపు మార్చి చూడండి. బాబు ఆ వైపు విసుక్కుంటే ట్యూబు ఆ వైపే పెట్టండి, పాలు వస్తుంటే చీకుతాడు.

ఎదురుచూపు:
ఇది తట్టలేదు నాకు! ఇన్నాళ్ళూ ట్యూబు ఎడమవైపే పెడుతున్నాను, అక్కడ అలవాటని. ఈ రోజు నుంచి మారుస్తాను.

నిర్ణయంలో_ఉన్నా:
ఇదంతా చదివాను. నాకింకా పెళ్ళి కాలేదు, వచ్చే ఏడాది రిడక్షన్ చేయించుకోవాలనుకుంటున్నాను. పిల్లలు పుట్టేదాకా ఆగాలా? వెన్నునొప్పితో ఆఫీసులో కూర్చోలేకపోతున్నాను.

పున్నాగ:
నీ నొప్పి ఎంతో నీకే తెలుసు. నేనైతే ఆగేదాన్ని కాదు, ఆగలేదు కూడా. పిల్లలు ఎప్పుడు పుడతారో ఎవరికి తెలుసు, అప్పటిదాకా వెన్ను విరిచుకుని కూర్చోవాలా?

రెండో_కాన్పు:
నేనైతే ఒక రెండేళ్ళలో పిల్లలు అనుకుంటే ఆగేదాన్ని. కాన్పుల తర్వాత రొమ్ముల సైజు మళ్ళీ మారుతుంది కూడా. దూరం మాటైతే ఆగక్కర్లేదు.

నర్సక్క:
సర్జన్‌ను "పాలు వస్తాయా" అని అడగకండి, "రావచ్చు, రాకపోవచ్చు" అనే జవాబే వస్తుంది. "ఏ పెడికిల్ వాడతారు? చనుమొన కింది కణజాలాన్ని ఎంత ఉంచుతారు? నా సైజుకు ఫ్రీ గ్రాఫ్ట్ అవసరం పడుతుందా?" అని అడగండి. పిల్లలకు పాలివ్వాలని ఉందని ఫైల్లో రాయించండి. సర్జరీ అయ్యాక ఆపరేషన్ నోట్స్ కాపీ అప్పుడే తీసుకుని దాచుకోండి.

కొత్తనాన్న:
ఎదురుచూపు గారూ, తూకం అద్దెకు దొరుకుతుందని ఇప్పుడే తెలిసింది. మేము కొనేద్దామని చూస్తున్నాం. మీరు ట్యూబు ఏ సైజుది వాడుతున్నారు? మాది పాప తాగుతుంటే మధ్యలో ఆగిపోతోంది.

ఎదురుచూపు:
మాకు నర్సు ఇచ్చింది 5 ఫ్రెంచ్ సైజు (ఫ్రెంచ్ అంటే ట్యూబు లావును చెప్పే కొలత). ఆగిపోతుంటే ముందు రెండు చూడండి. సీసా మూతలో ట్యూబు దూరే రంధ్రం బిగుసుకుపోయి గాలి లోపలికి వెళ్ళకపోతే పాలు దిగవు, మూత కొంచెం వదులు చేయండి. రెండోది, పొడి ఉండలు కట్టి ట్యూబులో ఇరుక్కుంటుంది. కలిపాక కాసేపు ఆగి, నురగ తగ్గాక పోయండి. అప్పటికీ ఆగితే ట్యూబు పాతబడినట్టే, మార్చేయండి.